బ్రెగ్జిట్ తప్పు ఎవరిది అని స్టాఫ్‌రూమ్‌లో అడిగితే ఏం చెప్పాలి?

సండర్లాండ్ నుంచి, కొత్త సభ్యురాలు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ఇక్కడ ఒక ఆస్పత్రిలో నర్సుగా చేరాను. ఆస్కీ (నర్సులకి పెట్టే ప్రాక్టికల్ పరీక్ష) పాసై ఈమధ్యే బ్యాండ్ 5, అంటే రిజిస్టర్డ్ నర్సు జీతం గ్రేడు వచ్చింది. నిన్న టీ బ్రేక్‌లో మా వార్డులో బ్రెగ్జిట్ మీద పెద్ద గొడవైంది. ఒక కుర్ర డాక్టరు మా హెచ్‌సీఏ (నర్సులకి సాయం చేసే హెల్త్‌కేర్ అసిస్టెంట్) ఆవిడతో, "మీ వయసువాళ్లే ఓటేసి మా బతుకులు పాడుచేశారు" అన్నాడు. అరవై దాటిన మనిషి, కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంకొకాయన నా వైపు చూసి, "మీరంతా ఇలా వస్తారని తెలిస్తే వేసేవాళ్లమే కాదు" అన్నాడు. తర్వాత అందరూ కలిసి "నువ్వు చెప్పు, తప్పెవరిది?" అని నన్నడిగారు. నాకు నోట మాట రాలేదు. రేపు మళ్లీ అదే షిఫ్ట్. టెన్షన్‌గా ఉంది. అసలేం జరిగిందో, ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో పెద్దవాళ్లు ఎవరైనా చెప్తారా?

న్యూకాసిల్ నుంచి:

చెల్లీ, ముందుగా బ్యాండ్ 5 వచ్చినందుకు అభినందనలు. 2016లో యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, వెళ్లిపోవాలా అని రెఫరెండం (ప్రజల ఓటు) పెట్టినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. ఓటు కూడా వేశాను, ఉండాలనే వేశాను. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు ఆ పెద్దావిడ సంగతి. ఆవిణ్ణి నిందించడం అన్యాయం. జూన్ 23 అర్ధరాత్రి దాటాక మా ఊరి ఫలితం వచ్చింది. ఉండాలన్నవాళ్లు 50.7 శాతం, అంటే బొటాబొటి. కాసేపటికే మీ సండర్లాండ్ ఫలితం వచ్చింది. వెళ్లిపోవాలన్నవాళ్లు 61.3 శాతం. ఆ అంకె టీవీలో పడగానే పౌండు జారింది, తెల్లారేసరికి దేశం మొత్తమ్మీద వెళ్లిపోవాలన్నవాళ్లే గెలిచారని తేలి, 1985 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి పోయింది. అప్పటినుంచి ఎవరికి కోపమొచ్చినా మీ ఊరి పేరే ఎత్తుతారు. నిస్సాన్ ఫ్యాక్టరీ పెట్టుకుని, యూరప్‌కి కార్లు అమ్ముకుంటూ కూడా కూర్చున్న కొమ్మ నరుక్కున్నారని ఎగతాళి చేస్తారు.

సెలవు రోజు ఒకసారి స్టేడియం ఆఫ్ లైట్ దాకా వెళ్లు. బయట గని కార్మికుల దీపం ఆకారంలో ఒక స్మారకం కనిపిస్తుంది. ఆ స్టేడియం కట్టిందే మూతపడిన బొగ్గుగని నేల మీద. గని 1993లో మూసేశారు. అంతకు ఐదేళ్ల ముందే ఓడలు కట్టే యార్డులు పోయాయి. 2010 తర్వాత కౌన్సిళ్లకి వచ్చే నిధులు కోసేశారు. కోసింది అప్పటి ప్రధాని, కన్జర్వేటివ్ పార్టీ నాయకుడు కామెరన్ ప్రభుత్వమే. మళ్లీ అదే కామెరన్ వచ్చి, "యూరప్‌లోంచి బయటికొస్తే మీ బతుకు తెరువు దెబ్బతింటుంది" అంటే, ఇంకా దెబ్బతినడానికి మా దగ్గర ఏం మిగిలిందని ఇక్కడి జనం అనుకున్నారు. నా ఓటు వేరే అయినా, ఆ మాటకి ఎదురు చెప్పడం నా వల్ల కాలేదు.

డాక్టరుబాబు కోపం కూడా ఊరికే వచ్చింది కాదులే. ఓటింగ్ రోజు లార్డ్ ఆష్‌క్రాఫ్ట్ చేయించిన సర్వేలో 18 నుంచి 24 ఏళ్లవాళ్లలో 73 శాతం ఉండాలన్నారు, 65 దాటినవాళ్లలో 60 శాతం వెళ్లిపోవాలన్నారు. కానీ ఆ లెక్క ప్రకారమే పెద్దవాళ్లలో పదిమందికి నలుగురు అతనితో కలిసే ఓటేశారు కదా! ముఖం చూసి ఎవరు ఎటు వేశారో ఎలా చెప్తాడు?

తప్పెవరిదని నన్నడిగితే మొదటి పేరు డేవిడ్ కామెరన్. సొంత పార్టీలో గొడవ చల్లార్చుకోవడానికి, యూరప్‌లోంచి బయటికి రావాలనే యూకిప్ పార్టీ ఓట్లు ఎగరేసుకుపోతుందన్న భయంతో, 2013 జనవరిలో రెఫరెండం పెడతానని మాటిచ్చాడు. 2015లో గెలిచి బిల్లు తెచ్చాడు. పార్లమెంటు దిగువసభ కామన్స్‌లో దానికి 544 మంది అనుకూలంగా ఓటేశారు, 53 మందే వద్దన్నారు. ప్రతిపక్షంలో ఉన్న లేబర్ కూడా సరేనంది. 1979లో స్కాట్లండ్ రెఫరెండంలో మొత్తం ఓటర్లలో 40 శాతం ఒప్పుకుని తీరాలని షరతు పెట్టారు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. బ్యాలెట్ పేపర్ మీద రెండు మాటలు, రెండు గళ్లు. వెళ్లిపోతే సింగిల్ మార్కెట్‌లో ఉంటామా లేదా, ఐర్లండ్ సరిహద్దు ఏమవుతుంది, ఏమీ లేదు. పైగా, ఫలితం అటు తిరిగితే ఏం చేయాలో ప్లాన్ కూడా సిద్ధం చేయొద్దని అధికారులకి చెప్పారు. ఇది ఘోరమైన నిర్లక్ష్యమని పార్లమెంటు విదేశాంగ కమిటీయే 2016 జూలైలో తన రిపోర్టులో రాసింది.

నువ్వు నర్సువి కాబట్టి ఇలా చెప్తాను. ఏ ఆపరేషనో చెప్పకుండా పేషెంట్ చేత కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టించుకుని, థియేటర్‌లో ఏ ఏర్పాటూ చేయకుండా ఉంటే, తర్వాత జరిగినదానికి పేషెంట్‌ని తిడతామా?

ఆ తర్వాత ఏం జరిగిందో చూడు. ఫలితం ఎలా ఉన్నా పదవిలోనే ఉంటానన్న కామెరన్, జూన్ 24 ఉదయమే డౌనింగ్ స్ట్రీట్ ముందు నిలబడి రాజీనామా చెప్పేశాడు. వెళ్లిపోవాలన్న కన్జర్వేటివ్ నాయకులు జాన్సన్, గోవ్‌ల వర్గం, వారానికి 35 కోట్ల పౌండ్లు యూరప్‌కి పోతున్నాయి, వాటిని ఎన్‌హెచ్‌ఎస్‌కి (ప్రభుత్వ వైద్యానికి) ఇద్దామని ఎర్ర బస్సు మీద రాసుకుని ఊరూరా తిరిగింది. ఆ అంకె తప్పుదారి పట్టించేదని ప్రభుత్వ గణాంకాల సంస్థే చెప్పింది. బ్రిటన్ కట్టాల్సినదాంట్లో తగ్గించే రాయితీని అందులోంచి తీసేయలేదు. ఫలితం వచ్చిన పొద్దునే యూకిప్ నాయకుడు ఫరాజ్ టీవీలో ఆ హామీ ఇవ్వడం పొరపాటన్నాడు. బస్సు ప్రచారం అతని వర్గానిది కాదు, అది నిజమే. అయినా ఓట్లు పడేదాకా ఆ మాట అనకపోవడం నేను క్షమించలేను. జూన్ 30న గోవ్ అడ్డం తిరగడంతో జాన్సన్ ప్రధాని పదవి పోటీలోంచి తప్పుకున్నాడు. జూలై 4న ఫరాజ్ కూడా పార్టీ పదవి వదిలేశాడు. పదకొండు రోజుల్లో ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు. ఎదురెదురుగా మిగిలింది ఎవరు? మీ హెచ్‌సీఏ, మీ డాక్టరు. ఇన్నేళ్లయినా వాళ్లిద్దరే ఒకరినొకరు తిట్టుకుంటున్నారంటే నాకు కడుపు మండుతుంది.

ఇక నీ మీద పడిన మాట. దానికి నువ్వు తల దించుకోవద్దు. 2016 తర్వాత యూరప్ నుంచి కొత్తగా వచ్చే నర్సులు బాగా తగ్గిపోయారు. వార్డులు నడవాలి కాబట్టి 2020 ఆగస్టులో హెల్త్ అండ్ కేర్ వీసా పెట్టి మన దేశం నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి నర్సుల్ని పిలిచారు. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి నికర వలస, అంటే వచ్చినవాళ్లలోంచి వెళ్లినవాళ్లని తీసేస్తే మిగిలేది, తొమ్మిది లక్షలు దాటింది. వలస తగ్గుతుందని నమ్మి ఓటేసినవాళ్లకి అది చూసి ఒళ్లు మండటం సహజం. కానీ తగ్గిస్తామని చెప్పిందీ, వీసాలు ఇచ్చిందీ ఒకే ప్రభుత్వం. నువ్వు దొడ్డిదారిన రాలేదు, పరీక్షలు రాసి పిలిస్తే వచ్చావు. మళ్లీ ఎవరైనా అంటే, "నన్ను రమ్మన్నది మీ ప్రభుత్వమే, అడగాల్సింది వాళ్లని" అని నవ్వకుండా, కోప్పడకుండా చెప్పు.

పేషెంట్ల దగ్గర మాత్రం రాజకీయం వద్దు. వాళ్లు కదిపినా, బీపీ చూడాలనో మందుల టైమయిందనో మాట మార్చెయ్యి. సొంత రాజకీయ నమ్మకాలు అనుచితంగా బయటపెట్టకూడదని నర్సుల్ని నమోదు చేసే ఎన్‌ఎంసీ కోడ్‌లోనే ఉంది. పేషెంటైనా స్టాఫైనా నీ రంగు గురించో దేశం గురించో మాట జారితే మాత్రం ఊరుకోవద్దు. ఆ షిఫ్ట్ అయ్యేలోపు వార్డ్ మేనేజర్‌కి చెప్పి, ఆస్పత్రిలో జరిగిన సంఘటనలు నమోదు చేసే డేటిక్స్‌లో రాయి. అన్న మాట అన్నట్టే రాయి. 2016 జూన్ చివర్లో మెట్రోలో ఒకడు మా అమ్మాయిని చూసి "ఇంకా సామాను సర్దుకోలేదా" అన్నాడు. పిల్లకి తొమ్మిదేళ్లు. ఇంటికొచ్చి అటక మీద సూట్‌కేసు దించమంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసులు నమోదు చేసిన ద్వేష నేరాలు 2016 జూలైలో అంతకుముందు జూలై కంటే 41 శాతం పెరిగాయి. అందుకే ఊరుకోవద్దంటున్నా.

లెస్టర్ నుంచి:

అక్కయ్యా, చాలావరకు ఒప్పుకుంటాను. కానీ అప్పటి లేబర్ నాయకుడు కోర్బిన్ పేరే ఎత్తలేదేం? యూరప్‌కి పదికి ఎన్ని మార్కులేస్తారని టీవీలో అడిగితే ఏడు, ఏడున్నర అన్నాడు. 1975 రెఫరెండంలో వద్దనే ఓటేసిన మనిషి. ప్రచారంలో మనసు పెట్టి తిరిగి ఉంటే ఫలితం మారేది. సొంత ఎంపీలే నమ్మకం లేదని 172 మంది ఓటేశారు, వెంట నిలిచింది 40 మంది.

ఇంకోటి. నేను వెళ్లిపోవాలనే వేశాను. మనవాళ్లలో చాలామంది వేశారు, బయటికి చెప్పరంతే. 2016 ఏప్రిల్ నుంచి టియర్ 2 ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి ఏడాదికి 35 వేల పౌండ్ల జీతం లేకపోతే పీఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) రాదన్నారు. నా స్నేహితుడు ఐదేళ్లు పన్ను కట్టి, సామాను అమ్ముకుని హైదరాబాద్ వెళ్లిపోయాడు. యూరప్ నుంచి వచ్చినవాడికి అప్పట్లో ఏ వీసా అక్కర్లేదు. ఆ తేడా చూసి వేశాను. మమ్మల్ని ఎవరో మోసం చేశారని జాలి పడొద్దు.

న్యూకాసిల్ నుంచి:

తమ్ముడూ, జాలి పడను. నీ కోపం న్యాయమైనదే, కానీ అది చేరాల్సిన చోటు బ్రస్సెల్స్ కాదు. ఆ 35 వేల నిబంధన లండన్‌లో హోం ఆఫీసు పెట్టింది. అప్పుడు హోం సెక్రటరీ థెరిసా మే. చదువయ్యాక ఉద్యోగం చేసుకునే వీసాని 2012లో ఎత్తేసింది కూడా ఆవిడ హయాంలోనే. ఫలితం వచ్చిన మూడు వారాల్లో ఆవిడే ప్రధాని అయింది! వెళ్లిపోవాలని ప్రచారం చేసిన మంత్రి ప్రీతి పటేల్, బయటికొస్తే కర్రీ హౌస్‌లు బతుకుతాయని, వంటవాళ్లని తెచ్చుకోవచ్చని చెప్పింది. తర్వాత ఆవిడే హోం సెక్రటరీ అయింది. వంటవాళ్లు దొరక్క కర్రీ హౌస్‌ల యజమానులు మొత్తుకుంటూనే ఉన్నారు.

కోర్బిన్ సంగతి. ఆష్‌క్రాఫ్ట్ సర్వేలోనే చూడు. లేబర్ ఓటర్లలో 63 శాతం ఉండాలన్నారు. పార్టీ అంతా ఉండాలన్న ఒక్కమాట మీద నిలబడ్డ స్కాట్లండ్ పార్టీ ఎస్‌ఎన్‌పీలో అది 64. కన్జర్వేటివ్ ఓటర్లలో 58 శాతం తమ ప్రధాని మాటకి వ్యతిరేకంగా వేశారు. చప్పగా తిరిగాడంటే ఒప్పుకుంటాను, ఓడించాడంటే ఒప్పుకోను. ఫలితం వచ్చిన నాలుగు రోజుల్లోనే ఎంపీలు అతని మీద పడటంతో, కామెరన్‌ని గట్టిగా నిలదీయాల్సిన సమయమంతా లేబర్ ఇంటి గొడవలో గడిచిపోయింది. సెప్టెంబర్‌లో సభ్యులు మళ్లీ అతన్నే 61.8 శాతంతో గెలిపించారు.

లెస్టర్ నుంచి:

కోర్బిన్ దగ్గర మన దారులు వేరక్కా. హోం ఆఫీసు మాట మాత్రం ఒప్పుకుంటున్నా.

సండర్లాండ్ నుంచి, కొత్త సభ్యురాలు:

అందరికీ చాలా థాంక్స్. పొద్దున ఆ పెద్దావిడతో కలిసి టీ తాగాను. వాళ్ల నాన్న ఆ గనిలోనే పనిచేశారట. అక్కా, మీరు ఓటు వేశానన్నారు, అప్పటికే సిటిజన్‌షిప్ వచ్చిందా?

న్యూకాసిల్ నుంచి:

లేదమ్మా, వీసా మీదే ఉన్నాను. ఇక్కడ ఉంటున్న కామన్వెల్త్ దేశాలవాళ్లకి ఓటుంది, ఇండియా కూడా అందులోదే. మా వీధిలో ఉన్న పోలిష్ కుటుంబానికి ఇరవై ఏళ్లు ఉన్నా ఆ రెఫరెండంలో ఓటు లేదు, నాకు ఉంది. నువ్వూ ఇప్పుడే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకో, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకుంటే ఐదు నిమిషాల పని. ఎన్నికకి 12 పనిదినాల ముందే గడువు అయిపోతుంది. ఓటర్ల జాబితాలో పేరుంటే రేపు ఇంటి లోన్‌కి, ఫోన్ కాంట్రాక్ట్‌కి క్రెడిట్ స్కోరు కూడా బాగుంటుంది. ఇప్పుడు ఫొటో గుర్తింపు చూపించాలి, మన ఇండియన్ పాస్‌పోర్టు చెల్లుతుంది. వేలికి సిరా పెట్టరు. బూత్‌లో పెన్సిల్ ఉంటుంది. దాన్ని చెరిపేస్తారని 2016లో పుకారు పుట్టి చాలామంది పెన్నులు తెచ్చుకున్నారు, అదేమీ నమ్మకు. లాంగ్ డే షిఫ్ట్ ఉంటే పోస్టల్ ఓటుకి ముందే పెట్టుకో.