భీమిలి ఒడ్డున పల్చటి షెల్ కప్పు: కవర్ ఎలా సర్దాలి?

వాస్తుశిల్పి ఫెలిక్స్ కాండెలా 1958లో మెక్సికోలో కట్టిన లాస్ మనాంటియాలెస్ రెస్టారెంటు షెల్ (వంపు తిరిగిన పల్చటి కాంక్రీటు కప్పు) మందం దాదాపు 4 సెం.మీ. అదే పద్ధతిలో భీమిలి బీచ్ దగ్గర 6×6 మీటర్ల గొడుగు కప్పు వేయాలని ఆలోచన: మధ్యలో ఒకే స్తంభం, రైజ్ (మధ్యకీ అంచుకీ ఎత్తు తేడా) 1.2 మీ.

బలానికి ఢోకా లేదు. 80 మి.మీ. మందానికి, చదరపు మీటరుకు 2.75 కిలోన్యూటన్ల లోడుకి షియర్ (కోత బలం) మీటరుకు 10.3 కిలోన్యూటన్లే, అంటే ఒత్తిడి 0.13 ఎంపీఏ (మెగాపాస్కల్), చాలా తక్కువ. తంటా అంతా తుప్పుతోనే. తీరప్రాంతానికి ఐఎస్ 456 (కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం) అడిగే కవర్, అంటే రాడ్డు మీద ఉండాల్సిన కాంక్రీటు మందం, 45 మి.మీ. 8 మి.మీ. రాడ్లు రెండు దిక్కులా వేస్తే, పైనా కిందా కవర్‌తో కలిపి కప్పు మందం 106 మి.మీ. అవుతుంది, ఇక షెల్ ఎందుకు, మామూలు స్లాబే నయం! 80లోనే సరిపెడితే కవర్ 32 మి.మీ.

స్టెయిన్‌లెస్ రాడ్లు వాడి కవర్ తగ్గించినవాళ్లున్నారా? ప్రూఫ్ చెకింగ్‌లో (డిజైన్‌ని వేరే ఇంజనీర్లు సరిచూసేటప్పుడు) ఒప్పుకున్నారా? గాల్వనైజ్డ్ రాడ్లయితే వంచినచోట జింకు పూత చిట్లుతుందని అనుమానం. వాలు అంచుల్లో కాంక్రీటు జారకుండా స్లంప్ (తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చెప్పే కొలత) ఎంత పెట్టారు?