చర్చ: అడవి డ్యూటీకి కాంబాట్ బూట్లు, ఏవి నిలుస్తాయి?

అడవిదారి:
ఫారెస్ట్ బీట్ డ్యూటీకి 8 అంగుళాల ఎత్తు కాంబాట్ బూట్లు కొనాలి. రోజుకు 12–15 కిలోమీటర్ల నడక, సగం రాళ్ల గుట్టలు, సగం నల్లరేగడి. పాదం ముందు భాగం కాస్త వెడల్పు. 8 నంబరు బిగుతు, 9 వేస్తే మడమ జారుతోంది. షాపువాళ్లేమో గోర్‌టెక్స్ (నీళ్లు లోపలికి రానివ్వని పొర) ఉన్నవే తీసుకోమంటున్నారు. ఏం చూసి కొనాలి?

గోదారోడు:
ముందు కాలు కొలవండి, నంబరు సంగతి తర్వాత. సాయంత్రం పూట కొలవాలి, పొద్దున్నకంటే పాదం ఉబ్బి ఉంటుంది. డ్యూటీకి వేసుకునే మేజోళ్లే వేసుకుని, గోడకు మడమ ఆనించి, కాగితం మీద బరువంతా వేసి నిలబడండి. అన్నిటికంటే పొడుగ్గా ఉన్న వేలి దగ్గర గీత గీయండి. అది బొటనవేలే అవ్వాలని లేదు, చాలామందికి రెండో వేలే పొడుగు. రెండు కాళ్లూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి.

మన దగ్గర అమ్మేవి ఎక్కువగా యూకే నంబర్లు. ఒక నంబరుకూ ఇంకో నంబరుకూ తేడా 8.5 మిల్లీమీటర్లు. యూరప్ నంబర్లలో అది 6.7 మాత్రమే. అందుకే యూకే 8కి 42 అని రాసి ఉన్నా రెండు కంపెనీల 42లు ఒకేలా పట్టవు. అమెరికా నంబరైతే యూకే కంటే ఒకటి ఎక్కువ ఉంటుంది, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఇక్కడే పొరపడతారు.

షాపులో మొదట ఇన్‌సోల్ (బూటు లోపలి మెత్త) బయటికి లాగి దాని మీద నిలబడండి. వేళ్ల ముందు 10–12 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి, చిటికెన వేలి వైపు కండ అంచు దాటి బయటికి రాకూడదు. పొడవు సరిపోయి పక్కన దాటుతోందంటే మీకు కావాల్సింది 9 కాదండి, వెడల్పు అచ్చులో 8. మీరు చెప్పింది వింటే ఇదే అనిపిస్తోంది.

తోలుముక్క:
గోదారోడు చెప్పినదానికి ఒకటి కలుపుతా. బూటు ఎక్కడ వంగుతోందో చూడండి. ముక్కూ మడమా పట్టుకుని వంచితే వేళ్ల మొదళ్ల దగ్గర వంగాలి. బూటు నడిమధ్యన మడతపడితే లోపల షాంక్ (సోలును గట్టిగా ఉంచే పట్టీ) లేదన్నమాట, రాళ్ల మీద అరికాలు నొప్పెడుతుంది. ఒకే పొడవున్న రెండు బూట్లు వేర్వేరు చోట్ల వంగొచ్చు. వంగే చోటు మీ పాదం వంగే చోటుతో కలవకపోతే ఎన్నాళ్లు వాడినా మెత్తబడదు.

లేసు కట్టి, షాపు మెట్లు దిగండి. వేళ్లు ముందుకి తగిలితే ఆ జత వదిలేయండి, గుట్ట దిగేటప్పుడు గోళ్లు నల్లబడేది అందుకే. కొత్త సోలు గట్టిగా ఉంటుంది కాబట్టి మడమ 3–4 మిల్లీమీటర్లు లేస్తే కంగారక్కర్లేదు. అంతకంటే లేస్తే బొబ్బలు ఖాయం.

కవాతు:
ఎన్‌సీసీలో, పోలీసు ట్రైనింగుల్లో అందరి నోటా వినిపించే డీఎంఎస్ అంటే డైరెక్ట్ మౌల్డెడ్ సోల్. సోలును అచ్చులో పోసి నేరుగా పై తోలుకు అతికిస్తారు. కుట్టు ఉండదు కాబట్టి అరిగితే కొత్త సోలు వేయించడం కుదరదు. నీళ్లు ఆగుతాయిలే అనుకోకండి. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల కాళ్లు తడిలో నాని దెబ్బతినడానికి అప్పటి పొట్టి డీఎంఎస్ బూట్లే ముఖ్య కారణమన్నారు. ఆ తర్వాతే వాళ్లు ఎత్తు బూట్లకు మారారు.

అసలు చూడాల్సింది సోలు దేంతో చేశారన్నది. పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్) తేలిక, మెత్తన, కానీ గాల్లో తేమకే లోపల్లోపల విరుగుతుంది. వాడకుండా పెట్టెలో ఉంచినా ఐదారేళ్లకు పొడిపొడి అవుతుంది, మన కోస్తా ఉక్కలో ఇంకా ముందే. సర్‌ప్లస్ (మిగిలిపోయిన పాత) సరుకు చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటే మొదటి వారంలోనే సోలు ఊడి చేతికొస్తుంది. చాలా సోళ్ల అడుగున గడియారంలా గుండ్రటి గుర్తు ఉంటుంది. చుట్టూ నెలలు, మధ్యలో ఏడాది, బాణం చూపించేది తయారైన నెల. అది రెండేళ్లు దాటిందంటే నేనైతే ముట్టను. గుర్తు లేకపోతే సోలు పక్కన గోరుతో గట్టిగా నొక్కండి. జిగటగా ఉన్నా, పొడి రాలినా పక్కన పెట్టేయండి.

తోలుముక్క:
రబ్బరు సోలు కదా అని ధీమాగా ఉండేవాళ్లకూ ఇది తగులుతుంది. అడుగున రబ్బరు, దానికీ తోలుకూ మధ్య పీయూ పొర ఉన్న బూట్లు చాలా ఉన్నాయి. మధ్య పొర చెడితే రబ్బరు చెక్కుచెదరకుండా మొత్తానికి మొత్తం ఊడిపోతుంది.

అంచు చుట్టూ కనిపించే కుట్టును నమ్మకండి, కొన్నిటికి అది అచ్చులో పోసిన గీత మాత్రమే. దగ్గరగా చూడండి: నిజమైన కుట్టులో ప్రతి దారమూ ఒక కన్నంలోకి దిగుతుంది, అచ్చు గీతలో కన్నాలుండవు, దారం నూగూ ఉండదు. తర్వాత ఇన్‌సోల్ తీసి లోపల చూడండి. లోపల కూడా కుట్టు కనిపిస్తే సోలును నేరుగా లోపలి దాకా పొడిచి కుట్టారని అర్థం, ఆ కన్నాల్లోంచి నీళ్లెక్కుతాయి. బయట కుట్టుండి లోపల లేకపోతే గుడ్‌ఇయర్ వెల్ట్ (పై తోలు చుట్టూ ఒక పట్టీ కుట్టి, సోలును ఆ పట్టీకి కుట్టే పద్ధతి) కావచ్చు. అదైతే సోలు మార్పించుకోవచ్చు, ధర మాత్రం ఎక్కువ.

డాలస్‌_తెలుగు:
గోర్‌టెక్స్ మాట మర్చిపోండి. అది మంచుకి, చలికి. మన ఎండలో లోపలి చెమట పోదు. వాగు దాటేటప్పుడు పైనుంచి ఒకసారి నీళ్లు దిగాయంటే ఆ పొరే వాటిని లోపల పట్టి ఉంచుతుంది. వేడి, తడి ఉన్న చోట్లకు జంగిల్ బూటు తీరే మేలు: ముక్కూ మడమా తోలు, పిక్క వైపు దట్టమైన నైలాన్, లోపలి పక్క అరికాలి వంపు దగ్గర నీళ్లు పోవడానికి జాలీ ఉన్న రెండు కన్నాలు.

నల్లరేగడికి పనామా సోలు చూడండి. దాని అడుగున గాడులు ఏటవాలుగా, వెడల్పుగా, అంచుల దాకా తెరిచి ఉంటాయి, అడుగు తీసి అడుగు వేసేసరికి మట్టి జారిపోతుంది. లోతుగా, ఇరుకుగా గాడులున్న సోలుకి రేగడి పట్టిందంటే ఒక్కో కాలికి ఇటుక కట్టుకున్నట్టే. కానీ తడిసిన నున్నటి బండ మీద పనామా జారుతుంది, అక్కడ మెత్తటి రబ్బరే పట్టు.

జత 1.8 కిలోలు దాటితే ఆలోచించండి. కాలి మీద మోసే కిలో వీపు మీద 5 కిలోలంత అలసట తెస్తుంది.

అడవిదారి:
అందరికీ థాంక్సండీ. కొత్త బూట్లు నీళ్లలో నానబెట్టి వేసుకుని కాలి మీదే ఆరనిస్తే అచ్చు కుదురుతుందని సీనియర్లు అంటున్నారు. నిజమేనా? 9 తీసుకుని రెండు మేజోళ్లు వేస్తే సరిపోదా?

కవాతు:
తమ్ముడూ, నానబెట్టొద్దు. ఆరేటప్పుడు తోలు ముడుచుకుని గట్టిపడుతుంది, లోపలి అట్ట వంకరపోతుంది, జిగురు వదులుతుంది. మొదటి నాలుగు రోజులు ఇంట్లో గంట రెండు గంటలు వేసుకో, తర్వాత 3–4 కిలోమీటర్లు, ఆ తర్వాతే బరువుతో. మొదటి వారం 10 కిలోమీటర్ల జోలికి పోకు. ఒరుసుకుని ఎర్రబడిన చోట బొబ్బ లేవకముందే టేపు వేసేయ్.

మేజోళ్లు పల్చటిది లోపల, మందంది పైన వేస్తే ఒరిపిడి వాటి మధ్యే అయిపోతుంది, చర్మం మీద పడదు. కానీ అది సైజు సరిదిద్దడానికి కాదు. నూలువి వద్దు, చెమట పట్టి తడిగానే ఉంటాయి. ఉన్ని, నైలాన్ కలిసినవి తీసుకో.

గోదారోడు:
తడిస్తే ఇన్‌సోలూ లేసులూ తీసి, లోపల న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, నీడలో ఫ్యాను కింద పెట్టండి. మొదట్లో గంటకోసారి కాగితం మార్చాలి. పొయ్యి పక్కనా, ఎండలోనా పెడితే తోలు పగులుతుంది. పాలిష్ పల్చగా ఒక పూత చాలు. అద్దంలా మెరిపించే మందపాటి పూత పరేడ్‌కి ముక్కు మీద, మడమ మీద వేసుకోండి. వంగే చోట వేస్తే పెళ్లలుగా లేస్తుంది. గరుకు తోలుకైతే పాలిష్ అసలు వద్దు, బ్రష్ చాలు.

తోలుముక్క:
లేసు సంగతి ఒక్కటి మిగిలింది. పాదం పైభాగం నొక్కుకుంటే ఆ ఒక్క చోట అడ్డంగా వేయకుండా నిలువుగా పైకి లాగండి. మడమ లేస్తుంటే చీలమండ వంపు దగ్గర లేసును రెండుసార్లు మెలేసి బిగించి, అక్కణ్ణుంచి పైకి కట్టండి, కింది బిగువు జారదు. గుండ్రటి నైలాన్ లేసులు వదులవుతాయి, చపటావి తీసుకోండి. 8 అంగుళాల బూటుకి 180 సెంటీమీటర్లవి సరిపోతాయి, ఒక జత జేబులో ఎక్స్‌ట్రా ఉంచుకోండి.