ఫోల్డర్‌కో మేక్‌ఫైల్ ఉన్న ప్రాజెక్టును ఎలా సులువు చేయాలి?

ప్రశ్న:
మా సీ ప్రాజెక్టులో 14 ఫోల్డర్లు, ప్రతిదాంట్లో ఒక మేక్‌ఫైల్ (ఏది దేన్నుంచి కంపైల్ చేయాలో ‘మేక్’ అనే బిల్డ్ టూల్‌కి చెప్పే ఫైలు), పైనున్నది ఒక్కో ఫోల్డర్‌లోకి దిగి మళ్లీ మేక్‌ని పిలుస్తుంది. కామన్ ఫోల్డర్‌లో హెడర్ (వేరే సోర్సు ఫైళ్లు కూడా వాడుకునే డిక్లరేషన్ల ఫైలు) మారిస్తే దాన్ని వాడే పార్సర్ ఫోల్డర్ మళ్లీ కంపైల్ కావడం లేదు, ఇంతకుముందు కంపైల్ అయిన పాత ఆబ్జెక్ట్ ఫైలే లింక్ అయిపోతోంది. నిన్న దీనివల్లే కోడ్‌లో లేని బగ్ కోసం సగం రోజు వెతికాను. క్లీన్ కొట్టకుండా (పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు చెరిపేయకుండా) బిల్డ్ చేయాలంటే టెన్షన్. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు 1:
లోపల నడిచే ప్రతి మేక్‌కి తన ఫోల్డర్ సంగతే తెలుసు, పార్సర్‌కి ఆ హెడర్‌తో పని ఉందని దానికి ఎవరూ చెప్పలేదు. పీటర్ మిల్లర్ అనే ప్రోగ్రామర్ 1998లోనే ఈ ఇబ్బంది గురించి వివరంగా రాశారు. పైన ఒకే మేక్‌ఫైల్ ఉంచండి, ఫోల్డర్లలో సోర్సుల పేర్లు మాత్రమే ఉన్న చిన్న ఫైళ్లు పెట్టి, వాటిని ఇన్‌క్లూడ్‌తో పై మేక్‌ఫైల్‌లోకి లాగండి. ఫైళ్ల దారులన్నీ రూట్ (ప్రాజెక్టు పై ఫోల్డర్) నుంచి రాయాలి, చాలామంది తడబడేది ఇక్కడే: ‘లెక్స్.సీ’ కాదు, ‘పార్సర్/లెక్స్.సీ’.

జవాబు 2:
హెడర్ల జాబితా మాత్రం చేత్తో రాయకండి. జీసీసీ కంపైలర్‌కి ఎంఎండీ (-MMD), ఎంపీ (-MP) ఆప్షన్లు ఇస్తే ప్రతి ఆబ్జెక్ట్ పక్కన, అది ఏయే హెడర్లు వాడిందో చెప్పే ఒక డిపెండెన్సీ ఫైలు అదే రాసిపెడుతుంది. దాన్ని ఇన్‌క్లూడ్ చేసేటప్పుడు ముందు హైఫన్ పెట్టండి, లేదంటే మొదటి బిల్డ్‌లో ఆ ఫైలు లేదని మేక్ గోల పెడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
రెండు ఫోల్డర్లు మార్చాను, హెడర్ ముట్టుకోగానే పార్సర్ కంపైల్ అయింది! కానీ మొదటి ఫోల్డర్ సోర్సులు లింక్‌లోకి రావడం లేదు.

జవాబు 1:
రెండో ఫైల్లో సోర్సుల వేరియబుల్‌కి ఉత్త ‘=’ పెట్టి ఉంటారు, అది ముందున్నవి చెరిపేస్తుంది. ‘+=’ చేయండి.