చర్చ: హాస్టల్లో పెరిగినవాళ్లు ఎవరికీ దగ్గర కాలేరా?

మారతహళ్లి మేడగది: ఆరో తరగతిలోనే నన్ను హాస్టల్లో వేశారు. ఇప్పుడు ఈ బెంగళూరులో జ్వరంతో మంచం పట్టినా పక్క గదివాళ్లకు చెప్పను. చెబితే వాళ్లకు బరువైపోతానని లోపల గట్టిగా నాటుకుపోయింది. దీన్ని అవాయిడెంట్ అటాచ్‌మెంట్, అంటే దగ్గరితనాన్ని తప్పించుకునే అనుబంధ ధోరణి, అంటారని చదివాను. హాస్టలే దీనికి మూలమా?

రెండో షిఫ్టు: కాదు. ఈ అటాచ్‌మెంట్ సిద్ధాంతం చెప్పిన మానసిక వైద్యుడు బౌల్బీ మాట్లాడింది పసితనం గురించి. ఆయనతో పనిచేసిన మేరీ ఎయిన్స్‌వర్త్ అమెరికాలోని బాల్టిమోర్‌లో పరీక్షించింది ఏడాది పిల్లలను. తల్లి గదిలోంచి వెళ్లి తిరిగొచ్చాక బిడ్డ ఏం చేస్తుందో చూశారు. మీకప్పటికి పదకొండేళ్లు.

జయనగర్ కాఫీ: వయసు దగ్గరే ఆగిపోతే ఎలా? 'పిలిస్తే ఎవరైనా వస్తారా' అన్నదానికి బిడ్డ మనసులో ఒక నమూనా ఏర్పడుతుందన్నదీ బౌల్బీయే. మనస్తత్వవేత్త జెఫ్రీ యంగ్ చెప్పిన 18 స్కీమాలు, అంటే 'నన్ను వదిలేస్తారు', 'నా బాధ ఎవరికీ పట్టదు' లాంటి మనసులో పాతుకుపోయిన నమ్మకాలు, బాల్యంలోనో కౌమారంలోనో మొదలవుతాయి. వదిలేస్తారన్న భయం ఒకరి చేత పదేపదే ఫోను చేయిస్తుంది, ఇంకొకరిని అసలు ఫోను ఎత్తనివ్వదు.

రెండో షిఫ్టు: కౌమారమంటే పదమూడు నుంచి.

బొమ్మనహళ్లి: ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పది నుంచి. ఇక వదిలేయండి.

మారతహళ్లి మేడగది: ఆదివారం హాస్టల్ ఫోను దగ్గర గంటసేపు వరుసలో నిలబడితే, నా వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేవారు. దొరికిన రోజు నాన్న 'ఏడిస్తే ర్యాంకు రాదు' అని పెట్టేసేవారు. వయసు లెక్కలు చెప్పేవాళ్లకు ఇది ఏం తెలుస్తుంది?

రెండో షిఫ్టు: నాకు తెలియదా? పది నెలల పాపను అనంతపురంలో మా అమ్మ దగ్గర వదిలి ఉద్యోగానికి వచ్చాను. శనివారం వెళ్తే నా దగ్గరికి రాకుండా అమ్మ చీర కుచ్చిళ్లలో దాక్కునేది. ఏ సిద్ధాంతమైనా చివరికి తల్లి మెడకే చుట్టుకుంటుంది. ఇంటి అద్దె బౌల్బీ కడతాడా?

జయనగర్ కాఫీ: మిమ్మల్ని ఎవరూ అనలేదండీ. 1964లో వెలువడిన అధ్యయనంలో షాఫర్, ఎమర్సన్ అనే పరిశోధకులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గో పిల్లలను గమనిస్తే, ఏడాదిన్నర వచ్చేసరికి చాలామంది ఒకరికంటే ఎక్కువమందితో అనుబంధం పెంచుకున్నారు. అమ్మమ్మ ఉందిగా.

మారతహళ్లి మేడగది: మా నాన్న అప్పు చేసి ఫీజు కట్టారు, నాకు తెలుసు. కట్టారు కాబట్టి నాకు నొప్పే లేదని ఒప్పుకోవాలా? మొదటినుంచీ మీకు కావలసింది అదేగా, రెండో షిఫ్టు గారూ?

రెండో షిఫ్టు: అవును, అదే. పాపకిప్పుడు పదిహేనేళ్లు. రేపు అది ఇక్కడే ఇలా రాస్తే, కింద 'మీ అమ్మదే తప్పు' అని ఎవరో ఒకరు రాస్తారు. మీరే రాస్తారేమో.