అప్‌డేట్: మావాడికి మాయాబజార్ చూపించాం

పదేళ్ల మా అబ్బాయికి 1957 నాటి మాయాబజార్ నచ్చుతుందా, పాత నలుపు తెలుపు ప్రింటా, 2010లో వచ్చిన రంగులదా ఏది చూపించాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. ఎక్కువమంది నలుపు తెలుపే అన్నారు, అదే పెట్టాం.

మొదట్లో వాడు కుదురుగా కూర్చోలేదు. ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు పెళ్లివంటలన్నీ ఒక్కడే లాగించేస్తుంటే మాత్రం పడీపడీ నవ్వాడు. నాకైతే సావిత్రిగారే! శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆవిడ నడక, ఆ చూపు... లోపల ఉన్నది రాక్షసుడని మాటల్లేకుండానే తెలిసిపోతుంది. ఆ సీన్లు వెనక్కి తిప్పి మళ్లీ చూశాం. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లే తీసిన వెన్నెలకి రంగులు అక్కర్లేదనిపించింది.

పాటలు స్కిప్ చేయొద్దన్నవాళ్లకి ప్రత్యేకంగా థాంక్స్. వచ్చే ఆదివారం గుండమ్మ కథ.