ఒకరి కోడ్ ఇంకొకరి చేతికి వచ్చేటప్పుడు ఏమేం అడగాలి?

నిద్రలేని_బ్యాకెండ్
ఆరేళ్లుగా ఒక్కరే చూసుకున్న బిల్లింగ్ సర్వీస్ ఇప్పుడు నా నెత్తిన పడింది. ఆయన ఇంకో రెండు వారాలే ఉంటారు. కేటీ (పని అప్పగింత) అని రోజూ గంటసేపు స్క్రీన్ షేర్ చేసి ఫోల్డర్లు చూపిస్తున్నారు. తల ఊపుతున్నా గానీ ఒక్క ముక్క బుర్రకెక్కట్లేదు. మీరైతే ఏం అడుగుతారు?

పాత_కమిట్
ఫోల్డర్లు ఎక్కడికీ పోవండీ, ఆయన వెళ్లాక తీరిగ్గా చదువుకోవచ్చు. రేపటి నుంచి కీబోర్డు మీరు తీసుకోండి. చిన్న బగ్ ఒకటి సరిచేసి, ప్రొడక్షన్‌కి (అసలు వాడుకలో ఉన్న సిస్టమ్‌కి) మీరే పంపి, మీరే రోల్‌బ్యాక్ చేసి పాత వెర్షన్‌కి కూడా తీసుకురండి. ఆయన పక్కన చేతులు కట్టుకుని కూర్చోవాలి. మేమలా చేస్తేనే తెలిసింది, డాక్యుమెంట్‌లో ఐదు స్టెప్పులుంటే ఆయన వేళ్లు తొమ్మిది చేస్తున్నాయని. మిగతా నాలుగూ చేస్తున్నట్టు ఆయనకే తెలీదు.

టోకెన్_బాధితుడు
కోడ్ తర్వాత, ముందు అకౌంట్లు చూడండి. మా దగ్గర ఒకావిడ మానేసిన మర్నాడే ఆవిడ అకౌంట్ మూసేశారు. రాత్రి రిపోర్టు జాబ్ ఆవిడ సొంత టోకెన్‌తో (పాస్‌వర్డ్ లాంటిది) నడుస్తోందని ఆ రాత్రే తెలిసింది. సర్టిఫికెట్ గడువు హెచ్చరికలూ ఆవిడ మెయిల్‌కే పోతున్నాయని మూడు నెలలకి తెలిసింది. ఎలా తెలిసిందో ఊహించుకోండి.

నిద్రలేని_బ్యాకెండ్
అయ్యో. ఇప్పుడే క్రాన్ జాబులు (టైముకి వాటంతటవే నడిచేవి) తీసి చూశా. మూడు ఆయన పేరు మీదే ఉన్నాయి.

రివ్యూ_రాజు
ఏ ఫైలు మార్పుని ఎవరు రివ్యూ చేయాలో రాసే కోడ్‌ఓనర్స్ ఫైల్ కూడా చూసుకో బ్రో. గిట్‌హబ్‌లో ఒకే ఫైలుకి అందులోని రెండు మూడు లైన్లు మ్యాచ్ అయితే, చివరిదే చెల్లుతుంది. నీ పేరు పైన రాసి కింద పాత లైను వదిలేశావంటే రివ్యూలన్నీ ఆయనకే పోతాయి.

సాయంత్రపు_లైబ్రరీ
నాది ఆఫీసు కోడ్ కాదు, ఓపెన్ సోర్స్. ఓపిక అయిపోయింది, ఎవరైనా అడిగితే దాని బాధ్యత ఇచ్చేద్దామని ఉంది. కానీ 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే జావాస్క్రిప్ట్ ప్యాకేజీని సాయం చేస్తానన్న కొత్త మనిషికి ఇచ్చేస్తే, బిట్‌కాయిన్ వాలెట్లు దోచే కోడ్‌ని డిపెండెన్సీగా (దాంతోపాటే దిగే ఇంకో ప్యాకేజీగా) దూర్చాడు. అది గుర్తొచ్చి ఆగిపోతున్నా.

పాత_కమిట్
పరిచయం పాతదైనా భరోసా లేదండీ. ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో ఏళ్లతరబడి ప్యాచులు పంపి నమ్మకం సంపాదించిన ఖాతా నుంచే 2024లో బ్యాక్‌డోర్ (దొంగదారి) వచ్చింది. సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని ఒకాయన తవ్వబట్టి బయటపడింది. మెర్జ్ హక్కు (మార్పులు కోడ్‌లో కలిపేది) ముందివ్వండి, రిలీజ్ హక్కు కొన్నాళ్లు మీ దగ్గరే ఉంచుకోండి. ఎవరూ కుదరకపోతే ఆర్కైవ్ చేసేయండి (ఇక మార్పులు లేకుండా చదవడానికే ఉంచడం), తప్పేం లేదు.

నిద్రలేని_బ్యాకెండ్
ఈరోజు నేనే డిప్లాయ్ చేశా. మధ్యలో ఆయన "ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి" అన్నారు. ఎందుకని అడిగితే ఆయనకీ గుర్తు రాలేదు. ఇద్దరం కూర్చుని పాత కమిట్లు (కోడ్ మార్పుల రికార్డు) తవ్వుతున్నాం.