‘మంచు’ అంటే ఏ మంచు? రెక్క మీది నల్లగీతల అనువాదం

ప్రశ్న: “రెక్క మీద నల్లగీతల మధ్య మంచు ఉన్నా బోయింగ్ 737 టేకాఫ్ చేయవచ్చు.” నా అనువాదంలోని ఈ వాక్యంలో ‘మంచు’ నప్పిందా?

– నప్పలేదండీ. పొగమంచు, మంచుబిందువులు, మంచుగడ్డ, కురిసే మంచు అన్నీ మనకు మంచే. రెక్క పైన హద్దుగా వేసిన ఆ గీతలు ఒప్పుకునేది ఫ్రాస్ట్ (చల్లటి రేకు మీద పలచగా పేరే తెల్లటి పొర) ఒక్కదాన్నే, అదీ షరతులతో: మందం 1.5 మి.మీ. లోపు, రెండు రెక్కల మీదా దాదాపు ఒకేలా, బయట 4 డిగ్రీలు లేదా ఆపైన, ట్యాంకులో ఇంధనం మైనస్ 16కి తగ్గకుండా. వాన, పొగమంచు ఉంటే కుదరదు. రెక్క ముందు అంచు మీద ఏమీ ఉండకూడదు. అక్కడ పలచటి గరుకైనా లిఫ్ట్‌ను, అంటే విమానాన్ని పైకి లేపే బలాన్ని, దెబ్బతీస్తుంది.

– 4 డిగ్రీల్లో ఫ్రాస్టా?

– చాలాసేపు ఎత్తున ఎగిరితే ఇంధనం బాగా చల్లబడుతుంది. దిగాక దాన్ని తాకే రెక్క రేకు సున్నా కిందే ఉంటుంది. గాలిలోని తేమ నీరు కాకుండానే దాని మీద పేరుకుంటుంది. ఉక్కపోసే ఊళ్లోనూ ఇది జరగొచ్చు. అందుకే ‘కురిసింది’ అనకండి, ‘పేరింది’ అనండి, నెయ్యి పేరినట్టు.

– ఫ్రాస్ట్‌ని ‘నూగుమంచు’ అనొచ్చా?

– నూగంటే సన్నని వెంట్రుకలు కదా. నాకైతే బూడిదగుమ్మడికాయ మీది బూడిద గుర్తొస్తుంది. అయినా ‘బూడిదమంచు’ అంటే రంగనుకుంటారు. నూగే నయం.

– క్లియర్ ఐస్‌కి, అంటే రెక్కకు అంటుకున్న పారదర్శకమైన మంచుగడ్డ పొరకి, ‘గాజుమంచు’ బాగుంటుంది. అది కంటికి ఆనదు. 1991 డిసెంబరు 27న స్టాక్‌హోంలో బయల్దేరిన ఎస్‌ఏఎస్ (స్కాండినేవియా విమాన సంస్థ) వారి ఎమ్‌డీ-81 విమానం రెక్కల నుంచి ఊడిన ఈ మంచే వెనక ఇంజిన్లలో పడి రెండూ ఆగిపోయాయి. విమానం పొలంలో దిగి విరిగినా 129 మందీ బతికారు. ఈ రకం (ఎమ్‌డీ-80) విమానాల రెక్కల మొదట్లో దీన్ని పసిగట్టడానికి త్రికోణాల గుర్తులు, వాటి దగ్గర దారపు కుచ్చులు ఉంటాయి. కుచ్చు కదలకపోతే గాజుమంచు పట్టినట్టే.

– మీ తర్వాతి వాక్యంలో “పైలట్ కాక్‌పిట్ నుంచి గీతలు చూసి” అని ఉంది, అది తీసేయండి. ఆ గీతల్ని చూసేది నేల మీద, బయల్దేరే ముందు. గాల్లో మంచు పడుతోందని పైలట్‌కు ముందుగా ఆనవాలిచ్చేది వైపర్ చెయ్యి, అద్దం అంచు. ఎయిర్‌బస్ ఏ320లో రెండు ముందద్దాల మధ్య దీనికోసమే చిన్న కడ్డీ ఉంటుంది, రాత్రి కనపడేలా దీపంతో. ఏటీఆర్ విమానంలోనూ ఎడమ కిటికీ పక్క అలాంటిదే. దాన్ని ‘మంచుకడ్డీ’ అంటే సరిపోతుందా? ఐస్‌ఫ్రూట్ అనుకుంటారేమో!